స్టాంపుల ఎగ్జిబిషన్‌లో నాలుగింటి ఆకలి: ఒక సీలియాక్ కేసు

నేపథ్యం

నలభై దాటిన పురుషుడు, ఉద్యోగస్థుడు. పాతికేళ్లుగా స్టాంపులు, పాత పోస్టుకవర్లు సేకరిస్తున్నారు. ఏటా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మూడు నాలుగు ఫిలాటెలీ ఎగ్జిబిషన్లకు వెళ్తారు. కొన్ని రెండు తెలుగు రాష్ట్రాల్లో, మిగతావి బయట. పోటీ విభాగంలో ఐదు ఫ్రేములు, అంటే స్టాంపులు అతికించిన షీట్లు అమర్చే బోర్డులు, పెడతారు. ఫ్రేముకు 16 షీట్ల చొప్పున 80 షీట్లు. వాటిని ముందు రోజే వెళ్లి అమర్చాలి, ఆఖరి సాయంత్రం విప్పి లెక్క చూసుకుని తెచ్చుకోవాలి. మధ్య రోజుల్లో ఒక మిత్రుడితో కలిసి డూప్లికేట్లు, అంటే తమ దగ్గర ఒకటికి మించి ఉన్న స్టాంపులు, అమ్మే బల్ల దగ్గర కూర్చుంటారు. మూడు రోజుల ఎగ్జిబిషన్ ఆయన లెక్కలో ప్రయాణంతో కలిపి ఆరు రోజుల బయటి తిండి. ఆయన్ని గుర్తుపట్టే వీలున్న వివరాలు తీసేశాం, కొన్ని మార్చాం.

రెండేళ్లు ఐరన్ మాత్రలు మింగినా హిమోగ్లోబిన్ 8.4 దగ్గరే ఆగిపోయింది. కడుపుబ్బరానికి గ్యాస్ మందులు వాడుతూ వచ్చారు. చివరికి ఒక వైద్యుడు టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష చేయిస్తే మామూలు హద్దుకు పది రెట్లు దాటి వచ్చింది. చిన్నపేగు బయాప్సీతో (చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) సీలియాక్ ఖాయమైంది. గోధుమ, బార్లీల్లో ఉండే గ్లూటెన్ అనే ప్రోటీన్ వల్ల చిన్నపేగు దెబ్బతినే జబ్బు ఇది. ఇంత ఆలస్యం ఎందుకంటే, దేశంలో జరిపిన పెద్ద సర్వేలో ఈ జబ్బును సూచించే యాంటీబాడీలు ఉత్తరాదిన వందకు ఒకరిపైనే కనిపిస్తే దక్షిణాదిన వెయ్యికి ఒకరికే కనిపించాయి. అన్నం తినే మనిషికి గోధుమ జబ్బు ఉంటుందని ఇక్కడ ఎవరికీ చప్పున తట్టదు.

మా దగ్గరికి వచ్చిన సమస్య

ఆహార సలహా కోసం వచ్చేనాటికి గోధుమ మానేసి ఎనిమిది నెలలైంది. హిమోగ్లోబిన్ 11.2కి పెరిగింది. టీటీజీ మాత్రం సగానికి దిగి, హద్దుకు నాలుగైదు రెట్ల దగ్గర నిలిచిపోయింది. “నేను చపాతీ ముట్టి ఎనిమిది నెలలైందండీ” అన్నారు. అది నిజమే.

లెక్క ఇక్కడ ముఖ్యం. రోజుకు 10 మిల్లీగ్రాముల లోపు గ్లూటెన్‌ను చాలామంది సీలియాక్ రోగుల పేగు తట్టుకుంటుంది. రోజుకు 50 మిల్లీగ్రాములు నెలల తరబడి పడితే దెబ్బతింటుంది. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 2 గ్రాములు, అంటే 2,000 మిల్లీగ్రాముల గ్లూటెన్ ఉంటుంది. అందులో రెండు వందల్లో ఒక వంతు, వేలికి అంటుకునే పొడి, ఆ రోజు కోటాకు సరిపోతుంది. కాబట్టి ఆయన చపాతీ తింటున్నారా అన్నది మేం వెతకాల్సిన విషయం కాదు. పొడి ఎక్కడి నుంచి పడుతోందో వెతకాలి.

మొదట ఇల్లు చూశాం. ఏడాదిలో 330 రోజులు తినేది అక్కడే గనక, ఇల్లు తేలకుండా ఎగ్జిబిషన్లను అనుమానించడం తొందరపాటవుతుంది. రెండు విషయాలు దొరికాయి. ఒకటి ఇంగువ. మనం కొనే ఇంగువ పొడి చాలావరకు కూటింగువే. అసలు ఇంగువ కొద్దిగా, తుమ్మబంక, మిగతాది పిండి. ఆ పిండి చాలా బ్రాండ్లలో గోధుమదే, డబ్బా వెనక చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది. చిటికెడంటే 0.3 గ్రాములు, అందులో సగం గోధుమ పిండి, పిండిలో పదో వంతు గ్లూటెన్ అనుకుంటే కుండెడు సాంబారుకు 15 మిల్లీగ్రాములు, మనిషి వాటాకు మూడు నాలుగు. ఒక్క సాంబారుతో కొంప మునగదు. అయితే చారు, పులిహోర, ఊరగాయ, అప్పడం, కారప్పొడి అన్నీ కలిస్తే కోటా అక్కడే అయిపోతుంది. బియ్యప్పిండితో చేసి గ్లూటెన్ లేదని ముద్రించిన ఇంగువకు మార్చాం.

రెండోది పిండి మర. జంతికలకు, చెక్కలకు బియ్యం మర పట్టిస్తున్నారు. అదే మరలో అంతకు ముందు గోధుమలు ఆడి ఉంటాయి. లోపల మిగిలిన గోధుమ పిండి తర్వాత పట్టే మొదటి కిలోల్లోకి దిగుతుంది. దీని విషాదం ఏమిటంటే, ఎగ్జిబిషన్లకు వెళ్తూ “ఇంట్లో చేసినవే కదా” అని ఆయన నమ్మకంగా పట్టుకెళ్తున్నవి ఆ జంతికలే. బియ్యం కడిగి, ఆరబోసి, ఇంట్లో మిక్సీలో పట్టి జల్లించమన్నాం. ఆ జల్లెడ కొత్తది కొనమన్నాం, పాతదాని వలలో పదేళ్ల గోధుమ పిండి ఇరుక్కుని ఉంటుంది గనక.

నాలుగు నెలల్లో టీటీజీ హద్దుకు రెండున్నర రెట్లకు దిగింది. తర్వాత ఎగ్జిబిషన్ల సీజన్ వచ్చింది. మూడూ అయ్యాక చూస్తే మళ్లీ నాలుగు రెట్లు. ప్రతి ఎగ్జిబిషన్ తర్వాతా రెండు మూడు రోజులు ఉబ్బరం, విరేచనాలు, నీరసం. టీటీజీ మెల్లగా కదిలే పరీక్ష, ఒక్క పూట తప్పును అది పట్టదు. సీజన్ మొత్తానికి పెరిగిందంటే తప్పులు పలుమార్లు జరిగాయనే అర్థం.

ప్రయత్నించినవి, ఎందుకు కుదరలేదు

ఆ సీజన్లో ఆయన పాటించింది “బియ్యంతో చేసినవే తిను” అనే నియమం. ఇది ఆయన సొంతంగా పెట్టుకున్నదే, మేమూ తోసిపుచ్చలేదు. అది మా తప్పు. హోటల్ ఇడ్లీ చాలావరకు సరే, రవ్వ ఇడ్లీ అయితే బొంబాయి రవ్వ, అంటే గోధుమ. దోసె పిండిలో గోధుమ లేకపోయినా, పెనం మీద ముందు వేసినది రవ్వ దోసె అయితే అందులో రవ్వతో పాటు మైదా ఉంటుంది. కొన్నిచోట్ల పరోటా కాల్చేదీ ఆ పెనం మీదే. పెసరట్టు సరే, ఎమ్మెల్యే పెసరట్టు లోపల ఉప్మా. మిర్చి బజ్జీ శనగపిండిదే గానీ నూనె సమోసాలదీ పూరీలదీ. పెరుగన్నం తాలింపులో ఇంగువ. ఇలా ప్రతి పదార్థానికీ ఒక తోక ఉంది.

తర్వాత కార్డు. చేతి సైజు అట్ట మీద తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో “నాకు గోధుమ పడదు, ఇందులో గోధుమ ఉందా?” అని రాసిచ్చాం. క్యాంటీన్ వాళ్లు చదివి “లేదండీ” అన్నారు. అబద్ధం చెప్పలేదు. మన వంటవాళ్ల భాషలో గోధుమ అంటే గోధుమ పిండి, చపాతీ. మైదా మైదాయే, బొంబాయి రవ్వ రవ్వే, సేమ్యా సేమ్యాయే. ఉత్తరాదిన గేహూ (గోధుమ) అన్నా ఇంతే, సూజీ (బొంబాయి రవ్వ) వాళ్లకు గుర్తుకు రాదు. పైగా కార్డు అడిగింది పదార్థాల గురించి. పెనం, నూనె, గరిటె గురించి అడగలేదు, వాళ్లూ చెప్పలేదు.

మూడో ప్రయత్నం ప్యాకెట్లు. గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే మన దేశంలో కిలోకు 20 మిల్లీగ్రాములు మించకూడదు, కాబట్టి భద్రత విషయంలో పేచీ లేదు. బిస్కెట్లు, బార్లు మూడు రోజులకు సరిపడా కొన్నారు. రెండో రోజు మధ్యాహ్నానికి మొహం మొత్తింది. అన్నీ తీపి, పీచు లేదు, మలబద్ధకం. మూడో రోజు బల్ల పక్కనే వేడి వేడి పకోడీలు వచ్చేసరికి నియమం సడలింది. ఇది ఆయన బలహీనతగా మేం రాసుకోలేదు. తినాలనిపించని తిండిని సంచిలో పెట్టి పంపడమే ఆ ప్లాన్‌లోని లోపం.

నాలుగోది ఇంటి నుంచి పెరుగన్నం. మొదటి రోజుకు బాగానే ఉంది. రెండో రోజుకు పులిసింది. వండిన అన్నం గది వేడిలో నాలుగు గంటలు దాటితే గ్లూటెన్ కాకుండా వేరే ప్రమాదం మొదలవుతుంది, ఆ అన్నానికి మళ్లీ వేడిచేయడం కూడా విరుగుడు కాదు.

డైరీలో తేలిన సంగతి

అప్పుడు ఒక మామూలు పని చేశాం. పాత ఎగ్జిబిషన్ల రోజులను గుర్తుచేసుకుంటూ నాలుగు గడుల డైరీ రాయించాం: ఎన్ని గంటలకు, ఏం తిన్నారు, ఎవరు వండారు, అప్పటికి ఆకలి ఐదుకు ఎంత. జ్ఞాపకం మీద రాసింది కాబట్టి కచ్చితత్వం తక్కువే. అయినా అనుమానించదగ్గ పది సందర్భాల్లో ఏడు మధ్యాహ్నం మూడున్నర, ఐదున్నర మధ్య ఉన్నాయి. ఆ ఏడింటిలోనూ ఆకలి నాలుగో ఐదో. భోజనం వేళ తప్పింది రెండే.

కారణం ఎగ్జిబిషన్ నడిచే తీరులోనే ఉంది. పదకొండు నుంచి ఒంటిగంట దాకా స్కూళ్ల పిల్లలు వరుసలుగా వస్తారు, బల్ల వదలడానికి ఉండదు. భోజనం రెండున్నరకు జరుగుతుంది, అప్పటికి క్యాంటీన్లో మిగిలేది అడుగు బొడుగు. దాన్ని అనుమానించి సగం తిని లేస్తారు. నాలుగింటికి టీ ట్రే వస్తుంది, దాంతో పాటు ప్లేటులో ఏదో ఒకటి. పక్క బల్ల ఆయన ప్రేమగా ముందుకు జరుపుతారు. ఆ సమయానికి కార్డు జేబులో ఉన్నా తీయాలనిపించదు.

ఇక్కడే మా ఆలోచన దారి మారింది. అప్పటి దాకా “ఏది తినొచ్చు” అనే జాబితా పెంచుకుంటూ పోయాం. ఇప్పుడు నాలుగింటికి ఆకలి లేకుండా చేయడం మొదటి పని అయింది, వెతుకులాట రెండోది.

కుదిరిన పద్ధతి

స్టాంపుల మనుషులకు ఇంకో షరతు ఉంది, అది మాకు కలిసొచ్చింది. నూనె వేలు తగిలితే స్టాంపు మీద మరక పడుతుంది, అది పోదు. బల్ల దగ్గర తినకూడదన్నది వాళ్లలో వాళ్లకే ఉన్న పద్ధతి. కాబట్టి తిండి హాలు బయట, స్పూన్‌తో, తర్వాత సబ్బుతో చేతులు కడిగి ఆరబెట్టుకుని లోపలికి. శానిటైజర్ క్రిములకే గానీ గ్లూటెన్‌కు పనికిరాదు, దాన్ని తుడిచి కడిగితేనే పోతుంది. పదిమంది తిరగేసిన స్టాక్‌బుక్కులు (స్టాంపులు పెట్టే పుస్తకాలు) పట్టుకున్న చేతితో తినకపోవడం రెండు విధాలా మేలు.

ఉదయం: మందపాటి అటుకులు 80 గ్రాములు, రెండుసార్లు నీళ్లు పోసి వంచి, సీలున్న కప్పు పెరుగు 150 గ్రాములు కలిపి పది నిమిషాలు నాననివ్వాలి. అరటిపండు. పొయ్యి అక్కర్లేదు. విడిగా అమ్మే అటుకులకు దుకాణంలో రవ్వ తీసిన చేటే వాడతారు కాబట్టి ప్యాకెట్టువే, అవీ కడిగే.

మధ్యాహ్నానికి పులగం. లీటరు ఎలక్ట్రిక్ కుక్కర్ కొన్నారు. ఇంట్లోనే పూటకొక పొట్లం కట్టుకుంటారు: బియ్యం 75 గ్రాములు, దోరగా వేయించిన పెసరపప్పు 35 గ్రాములు, అర చెంచా జీలకర్ర, పసుపు, ఉప్పు. హోటల్ గదిలో 450 మిల్లీలీటర్ల నీళ్లు పోసి ఎనిమిదింటికి పెడితే అరగంటలో మెత్తగా ఉడుకుతుంది. స్టీలు ఫుడ్ ఫ్లాస్క్‌లో ముందుగా మరిగే నీళ్లు పోసి ఐదు నిమిషాలుంచి, పారబోసి, సెగలు కక్కుతున్న పులగం నిండుగా నింపాలి. సగం నింపితే తొందరగా చల్లారుతుంది. పన్నెండున్నర లోపు తినేయాలి. మొదటిసారి తెరిచి చూసినప్పుడు ముద్ద గట్టిపడిపోయింది. ఫ్లాస్క్‌లో కూడా పప్పు నీళ్లు పీలుస్తుంది. ఇంకో 50 మిల్లీలీటర్లు పెంచితే సరిపోయింది. నెయ్యి వేయలేదు, మూత దగ్గర కారి వేళ్లకు అంటుతుందని ఆయనే వద్దన్నారు.

భోజనం పదకొండుకు ముందో పన్నెండుకో, ఇరవై నిమిషాలు. పక్క బల్ల వాళ్లతో వంతులు. మీ బల్ల నేను చూస్తా, నా బల్ల మీరు చూడండి. విలువైన కవర్లున్న ఆల్బం మాత్రం సంచిలో వెంట తీసుకెళ్తారు. ఈ ఒక్క ఏర్పాటుకు మేం సలహా ఇచ్చిన దాని కంటే ఆయన చొరవే ఎక్కువ.

మూడున్నరకు ఫోన్లో అలారం. ఇంట్లో వేరే మూకుడులో వేయించి పొట్టు తీసిన వేరుశనగలు 40 గ్రాములు, నాలుగు ఖర్జూరాలు. పొట్టు తీయమన్నది షీట్ల మీద రాలుతుందని. టీ ట్రే వచ్చేసరికి కడుపు నిండి ఉంటుంది, టీ మాత్రం తాగొచ్చు. మాల్ట్ కలిపిన పాలు, హార్లిక్స్ లాంటివి వద్దు, వాటిలో బార్లీ ఉంటుంది.

రాత్రికి బయట తినక తప్పదు. దానికి కార్డు మార్చాం. గోధుమ అనే ఒక్క మాట తీసేసి, “గోధుమ పిండి, మైదా, బొంబాయి రవ్వ, గోధుమ రవ్వ, సేమ్యా, బ్రెడ్ పొడి, సోయా సాస్, ఇంగువ” అని విడివిడిగా రాశాం. కింద మూడు ప్రశ్నలు: ఈ నూనెలో ఇంకేం వేయిస్తారు? ఈ పెనం మీద ఇంకేం కాలుస్తారు? ఈ గరిటె దేనికి వాడారు? వంటగదిలో సీలియాక్ అనే మాట ఎవరికీ తెలియదు. ఎలర్జీ అంటే తెలుసు. సీలియాక్ ఎలర్జీ కాదు, అయినా కార్డు మీద ఎలర్జీ అనే రాశాం. దీని మీద మాలో మాకు వాదన జరిగింది. వంటమనిషికి పాఠం చెప్పడం ఆ కార్డు పని కాదని తేల్చుకున్నాం. ప్రాణాపాయం అని మాత్రం రాయలేదు.

నిర్వాహకుల క్యాటరర్‌కు ఐదు రోజుల ముందే ఫోన్. ఆ రోజు లైన్లో నిలబడి అడిగితే ఎవరికీ తీరిక ఉండదు. అడిగేది చాలా చిన్నది: కొత్తగా తెరిచిన గిన్నెలోంచి, వడ్డన మొదలవకముందు, తడి లేని గరిటెతో తెల్లన్నం, తాలింపు వేయకముందు తీసిన పప్పు. బఫేలో పావుగంట గడిస్తే గరిటెలు గిన్నెలు మారతాయి, చపాతీ పెట్టుకున్న ప్లేటుతోనే అన్నం గిన్నె మీదికి వంగుతారు. మొదటి ప్లేటు తీసుకోవడమే అక్కడ భద్రత.

హింజ్‌ల గురించి, అంటే స్టాంపును షీటుకు అతికించే చిన్న జిగురు కాగితాల గురించి, ఆయన అడిగారు, ఈ ప్రశ్న ఆయన తప్ప ఎవరూ అడగలేదు. పాత పద్ధతిలో స్టాంపు హింజ్‌ను నాలుకతో తడిపి అతికిస్తారు. జిగురుకు వాడే డెక్స్‌ట్రిన్ ఎక్కువగా మొక్కజొన్న, బంగాళాదుంప పిండిదే అయినా గోధుమతోనూ చేయొచ్చు. ఉన్నా లెక్కలోకి రానంత. తడి స్పాంజి వాడమన్నాం, రూపాయి ఖర్చు లేని చోట అనుమానం ఎందుకు మిగలాలి?

ఒక తప్పు

తర్వాతి సీజన్లో నాలుగు ఎగ్జిబిషన్లు. మూడింట ఏ లక్షణమూ లేదు. నాలుగోదాని బహుమతుల రాత్రి విందులో దమ్ బిర్యానీ. కార్డు చూపించారు, ప్రశ్నలు అడిగారు. వంటాయన నిజాయితీగా చెప్పారు: రవ్వ లేదు, మైదా లేదు, వేయించిన ఉల్లికి పిండి పూయలేదు, నూనె వేరే. మరుసటి రోజు విరేచనాలు. ఆరా తీస్తే హండీ మూతకు చుట్టూ పెట్టిన గోధుమ పిండి ముద్ద. దమ్ తీసేటప్పుడు ఎండిన పిండి పెచ్చులు విరిగి అంచు వెంట అన్నంలో పడతాయి. వంటాయన దృష్టిలో అది వంటలో పదార్థం కాదు, మూతకు వేసిన మట్టి లాంటిది. మేం కూడా అడగలేదు. కార్డులో నాలుగో ప్రశ్న చేరింది: మూతకు ఏం పూశారు?

విందుల విషయంలో అప్పటి నుంచి నియమం వేరు. తినేసి వెళ్లడం, చేతిలో కొబ్బరిబోండాం పట్టుకుని నిలబడటం. “కొంచెం తింటే ఏం కాదు లెండి” అనే వాళ్లకు “నాకు పడదు” అన్న జవాబు పనిచేయలేదు, ఇంకో ముద్ద కొసరడానికే దారి తీసింది. “డాక్టరు గట్టిగా వద్దన్నారు” అంటే ఆగారు.

ఫలితం, మా వైపు నుంచి కొన్ని మాటలు

ఆ సీజన్ ముగిసిన మూడు నెలలకు టీటీజీ హద్దుకు కొంచెం పైన, ఇంకో ఆరు నెలలకు హద్దు లోపల. హిమోగ్లోబిన్ 13.1. ఇదంతా ఎగ్జిబిషన్ ప్లాన్ చలవే అనలేం. పేగు మానడానికి కాలం పడుతుంది, ఇంటి మార్పులు కూడా ఆ సమయంలోనే పనిచేస్తూ ఉన్నాయి. ఎగ్జిబిషన్ల తర్వాతి మూడు రోజుల నీరసం పోవడం మాత్రం దీని వల్లేనని నమ్ముతున్నాం.

మళ్లీ ఇలాంటి కేసు వస్తే జాబితా ఇచ్చే ముందు రోజు గడిచే తీరు అడుగుతాం: బల్ల ఎవరు చూస్తారు, లేవడానికి వీలైన గంట ఏది, చేతులు కడుక్కునే చోటెంత దూరం. ఇన్సులిన్ తీసుకునే వాళ్లకు ఇదే ప్లాన్ అలాగే ఇవ్వకూడదు. పులగం, ఖర్జూరాల్లో పిండి పదార్థం ఎక్కువ, వేళలు మందుకు తగ్గట్టు మార్చాలి.

తీరని చిక్కు కుక్కరే. ఈసారి బుక్ చేసిన లాడ్జి గదిలో వండనివ్వమన్నారు. ఐదు రోజుల జాతీయ ఎగ్జిబిషన్, అటుకులతో రెండు పూటలు నడవదు. వంటగది వాడుకోనిచ్చే సర్వీస్ అపార్ట్‌మెంట్ హాలుకు నాలుగు కిలోమీటర్ల దూరంలో దొరికింది. ఎనభై షీట్ల పెట్టెతో ఆటోలో తిరగడానికి ఆయన ఇంకా ఒప్పుకోలేదు.